ఇరవై ఎమ్మెల్ సిరంజి

నైట్ డ్యూటీ దిగి
కేజీహెచ్ డౌన్లో సైకిలు వదిలాను.
వెనక బ్రేకు లివరు నొక్కితే
హ్యాండిలు దాకా వచ్చి పడుకుంది,
తడి స్పాంజిలా, ఎదురు మాట లేకుండా.
ముందు బ్రేకు ఒక్కటే ఆదుకుంది.
ఇడ్లీ బండి చక్రానికి జానెడు దూరంలో ఆగాను.
బండావిడ చట్నీ గరిటె పైకెత్తి అలాగే ఉండిపోయింది.
ఆకలి లేకపోయినా రెండిడ్లీలు తిన్నాను.

కంచరపాలెంలో నూకరాజు
ఒకసారి నొక్కాడు, రెండుసార్లు నొక్కాడు,
చెయ్యి తీసేశాడు.
"ఏటమ్మా ఇది, వైరేది?
వైరయితే లాగి బిగించీద్దును. ఇది నూనె బ్రేకు.
నోపలకి గాలి దూరీసినాది. నా వల్ల అవదు."
పక్క కార్ల షాపు కుర్రాడు ఓ సీసా తెచ్చాడు,
బ్రేకు ఆయిలే కదక్కా అని.
లివరు మూత మీద నువ్వుగింజంత అక్షరాలున్నాయి,
మినరల్ ఆయిల్ మాత్రమే అని.
సీసా తిరిగిచ్చేశాను.
గ్రూపు చదవకుండా రక్తం సంచీ
ఏనాడూ తగిలించినదాన్ని కాదు.

తాటిచెట్లపాలెం, మా డాబా.
ముందు రోగిని చూడాలి, సూది తర్వాత.
గొట్టం పొడవునా కాగితంతో తుడిచాను, చెమ్మ లేదు.
ప్యాడ్లు ఇంకా రూపాయి బిళ్ళంత మందం.
డిస్కులో వంకర లేదు.
గబగబా పదిసార్లు నొక్కితే గట్టిపడుతుంది,
నిమిషం ఆగితే మెత్తబడుతుంది.
గాలే.

ఎన్నేళ్ళుగా చేస్తున్న పని ఇది!
సెలైన్ గొట్టాన్ని వెలుతురుకెత్తి
గోటితో టక్కున కొట్టడం,
ఆవగింజంత బుడగ కదిలి పైకి పోయేదాకా
పేషెంటుని ఊరూ పేరూ అడుగుతూ ఉండడం.

ప్యాడ్ల చోట పసుపు దిమ్మ ఇరికించి
కింద క్యాలిపర్‌కి సిరంజి, పైన లివరుకి గరాటు,
మెల్లగా తోశాను.
నీళ్ళు కలిసిన రక్తంలా ఎర్రటి నూనె పైకెక్కింది.
ఒక బుడగ. ఇంకొకటి. తర్వాత చీమల్లా వరస.
మూతలు బిగించి నొక్కాను, స్పాంజి.
మళ్ళీ మొదట్నుంచి.
మళ్ళీ స్పాంజే.
మూడోసారికి ఏడుపొచ్చింది గానీ
చేతుల నిండా నూనె, కళ్ళు తుడుచుకోవడం కుదరదని
టీ పెట్టుకున్నాను.

టీ గ్లాసు వెనకనించి చూస్తే కనబడింది.
సీటు కింద ఒకచోట గొట్టం
ఎద్దు మూపురంలా లేచి మళ్ళీ దిగుతోంది.
గాలి అక్కడిదాకా ఎక్కి
ఇదే కొండ కొస అనుకుని కూర్చుంది.

ముందు చక్రాన్ని పిట్టగోడ మీదకెత్తి
బట్టలారేసే తాడుతో కట్టేశాను.
ఇప్పుడు క్యాలిపర్ నుంచి లివరు దాకా
అంతా ఎక్కుడే.
స్క్రూడ్రైవర్ పిడితో గొట్టాన్ని తట్టుకుంటూ వస్తుంటే
"ఏ ఊరమ్మా మీది? పిల్లలెంతమంది?"
అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.
ఎదురు డాబా మీద వడియాలు ఎత్తుతున్న ముసలాయన
"మాది పలాస" అన్నాడు.

గరాటులో శనగగింజంత బుడగ
తేలి, పగిలింది.
నొక్కాను.
లివరు సగంలో ఆగింది. రాయి.

దూదిని స్పిరిట్లో తడిపి డిస్కు తుడిచాను,
సూదికి ముందు భుజం తుడిచినట్టు,
తుడిచాక వేలు తగలనివ్వకుండా.
బీచ్ రోడ్డు మీద ఇరవైసార్లు
వేగం పెంచి, నొక్కి, ఆగకముందే వదిలి
కొత్త పట్టు నేర్పాను.
ఉప్పుగాలికి కాబోలు, ఇంకా కీచుమంటోంది.
అది వేరే రోగం, ఆదివారం చూస్తాను.

మర్నాడు పొద్దున్న డౌన్లో
రెండు వేళ్ళతో నొక్కి, గీత గీసినట్టు ఆగాను.
బండి నిన్నటి చోటున లేదు,
రెండడుగులు లోపలికి, గోడవారకి జరిగింది.
"బ్రేకు బాగుచేశానమ్మా, నేనే" అన్నాను.
"మంచిదే" అంది ఆవిడ,
ఇడ్లీల మీద చట్నీ పోస్తూ.
బండి మాత్రం జరపలేదు.